కార్డు మీద రెండు తేదీలు

మా అమ్మాయి హోంవర్కు చేస్తూ అంకెలు చెరిపినప్పుడల్లా స్ట్రాబెర్రీ వాసన వస్తుంది. ఈ కాలం పిల్లల రబ్బర్లన్నిటికీ ఏదో ఒక పండు వాసన. చెరిపి, కాగితం మీది పొట్టును ఉఫ్ అని ఊది, మళ్ళీ రాస్తుంది. ఆ పొట్టు నా టీలో పడినా నాకు కోపం రాదు గానీ, ఆ వాసన తగిలితే మాత్రం గొంతులో మిరపకాయ ఘాటు కదులుతుంది. స్ట్రాబెర్రీకీ మిరపకాయకీ ఏం సంబంధమని మా ఆయన నవ్వుతారు. ఆ సంబంధం పేరు యలమందయ్య గారు.

నేను ఒంగోలులో సివిల్ ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నప్పుడు ఆయన రిటైరై చాలా కాలమైంది. కాలువల శాఖలో డీఈగా చేసిన మనిషి. బక్కగా, పొడుగ్గా, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్సిళ్ళతో ఉండేవారు. ఊళ్ళోని ఇంజనీర్లంతా కలిసి పెట్టుకున్న సంఘంలో విద్యార్థి విభాగం చూసుకునేవారు. ఆ సంఘంలో చేరితే పెద్ద ఇంజనీర్ల దగ్గర పని నేర్చుకోవచ్చు, చదువయ్యాక ఎవరో ఒకరు ఉద్యోగానికి మాట సాయం చేస్తారు. మాది పొదిలి దగ్గర మెట్ట వ్యవసాయం. మా ఇంట్లో వాళ్ళకు తెలిసిన ఇంజనీరు అంటే బోరు మోటారు బాగుచేసే మెకానిక్కే. అందుకని ఆ సంఘం కార్డు నాకు ఎంత కావాలో చెప్పలేను. దానికోసం ఏమైనా చేసేదాన్ని. చేశాను కూడా.

చేరడానికి ఒక పద్ధతి ఉండేది. ఎక్కడిదో తెలియదు, చాలామంది ఆయనే పెట్టారంటారు. ముందు నిజమైన పని ఒకటి చేసి, దాని కొలతల పుస్తకం తేవాలి. చేరే రోజున సభ్యులందరి ముందూ మన రబ్బరు ఒక పాత బిస్కెట్ల డబ్బాలో వేసెయ్యాలి. తర్వాత పుస్తకంలో మనం చేసిన ఒక తప్పు చూపించాలి. సర్వే పుస్తకంలో తప్పు పడితే చెరపకూడదు. పాత అంకె కనపడేటట్టు ఒకే గీతతో కొట్టేసి, పక్కన సరైనది రాసి, పొడి సంతకం పెట్టాలి. ఆ గీతను చూపిస్తేనే కార్డు.

నాకూ నా క్లాసువాడు నాగరాజుకూ ఇచ్చిన పని ఒంగోలుకు అరగంట దూరంలో ఉన్న ఊళ్ళో. అక్కడి మిరప కల్లం పల్లంలో ఉండేది. వానొస్తే నీళ్ళు నిలిచి ఆరబోసిన కాయ పాడయ్యేది. ఆ నీళ్ళు పడమటి వాగులోకి పోయేలా కాలువ తవ్వడానికి పంచాయతీ సిద్ధంగా ఉంది, ఎత్తుపల్లాల కొలతలు మేం తీసివ్వాలి. కల్లంలో ఎక్కువ కాయ కోటమ్మ గారిది. మొదటి రోజే మమ్మల్ని కూర్చోబెట్టి, పోయినేడు మూల పరదా మీద కాయంతా రంగు పోయి తాలైపోయిందని, కూలీలకిచ్చిన డబ్బులు కూడా రాలేదని చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆవిడ కాయలు తిరగేస్తూనే ఉంది, మేం తుమ్ముతూనే ఉన్నాం.

లెవెల్ యంత్రంలోంచి చూసి అంకెలు చదివేది నేను. అంకెలు రాసి ఉన్న పొడుగాటి స్టాఫ్ పట్టుకుని నిలబడేది నాగరాజు. యంత్రాన్ని ఒక చోటు నుంచి ముందుకు మార్చేటప్పుడు స్టాఫ్ ఉన్నచోటి నుంచి కదలకూడదు. పాత కొలతకూ కొత్త కొలతకూ ఆ చోటే ముడి. సరిగ్గా నేను యంత్రం మారుస్తున్నప్పుడు కోటమ్మ గారు మజ్జిగ తెచ్చింది. ఎండ మాడ్చేస్తోంది. "ఒరేయ్, తాగి పోరా" అని వాణ్ణి నేనే పిలిచాను. గట్టు మీద రెండు సరిహద్దు రాళ్ళు పక్కపక్కనే ఉన్నాయి. వాడు పొట్టి రాయి మీంచి దిగివచ్చి, మజ్జిగ తాగి వెళ్ళి, దానికన్నా అరజానెడు ఎత్తున్న రెండో రాయి మీద స్టాఫ్ పెట్టాడు. నాకు ఏదో తేడాగా అనిపించింది. అడగలేదు.

అలా వాగు దాకా వెళ్ళి, కొలుచుకుంటూ మొదలుపెట్టిన చోటికి తిరిగి వచ్చేసరికి ఆ చోటి ఎత్తు లెక్కలో ముందుకన్నా పన్నెండు సెంటీమీటర్ల తేడా వచ్చింది. అంత తేడా వస్తే మొత్తం మళ్ళీ కొలవాలి. ఆదివారమే చేరే సభ. చెట్టు కింద కూర్చుని ఒక అంకె చెరిపి, లెక్క కుదిరే అంకె వేశాను. తేడా అసలు లేకపోతే అనుమానం వస్తుందని నాలుగు మిల్లీమీటర్లు వదిలాను. నాగరాజు నా వైపు భక్తిగా చూశాడు. "ఎంత తెలివే నీది" అన్నాడు. నేను గర్వపడ్డానని రాయడానికి ఇవాళ సిగ్గుగా ఉంది.

ఆదివారం పొద్దున సంఘం గదిలో పాతికమంది ఉన్నారు. యలమందయ్య గారు ముందు తన తప్పు చెప్పారు. ఏటా అదే చెబుతారట. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పంట కాలువకు కొలతలు తీస్తూ, పై అధికారికి భయపడి ఒక అంకె చెరిపేశారు. కాలువ తవ్వాక చివరి పొలాలకు నీళ్ళెక్కలేదు. నారు పోసుకున్న రైతులు నారుమళ్ళు ఎండబెట్టుకున్నారు. "వాళ్ళలో ఒకాయన నన్ను ఏమీ అనలేదు. నా సైకిల్ ఆపి మంచినీళ్ళిచ్చాడు. ఆ నీళ్ళు ఇంకా గొంతు దిగలేదు నాకు" అని కూర్చున్నారు. నాకు మాత్రం, ఇంకెంతసేపటికి కార్డిస్తారా అనే ఉంది.

నా వంతు వచ్చింది. రబ్బరు డబ్బాలో వేశాను. పుస్తకం ఆయన తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, పేజీలు ఒక్కొక్కటే తిప్పారు. ఒక పేజీ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగారు.

"నీ పుస్తకంలో తప్పేం లేదామ్మా?" అన్నారు.

"లేదండి" అన్నాను.

సరేనని కార్డు మీద తేదీ వేసి సంతకం పెట్టి చేతికిచ్చారు. గీత లేకుండా కార్డు ఎలా ఇచ్చారని ఒకరిద్దరు గొణిగారు కూడా. నేను వినిపించుకోలేదు.

మధ్యాహ్నం కాలువ ప్లాను పంచాయతీలో ఇవ్వడానికి నాగరాజూ నేనూ ఆ ఊరు వెళ్ళాం. మంగళవారం తవ్వే యంత్రం వస్తుంది. కల్లం దగ్గర కోటమ్మ గారు కనిపించింది. పోయినేడు నీళ్ళు నిలిచిన ఆ మూలను ఈ ఏడు ఖాళీగా వదిలేస్తానన్న మనిషి, అక్కడ పెద్ద పరదా పరిచి ఎర్రటి కాయ పోసేసింది. పక్క కల్లం ఆవిడతో నన్ను చూపించి, "ఈ పాపే కొలిచింది. ఇంక వానొచ్చినా మనకు దిగుల్లేదు" అంది.

పొద్దున్న విన్న మంచినీళ్ళ మాట అప్పుడు నా గొంతుకు అడ్డం పడింది. గట్టు వైపు చూస్తే రెండు రాళ్ళూ కనిపిస్తున్నాయి. ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. ఎత్తు రాయి వల్ల వాగు దగ్గర నేల ఉన్నదానికన్నా పల్లంగా లెక్కకొచ్చింది. కాగితం మీద నీళ్ళు చక్కగా పోతాయి, నేల మీద కోటమ్మ గారి కాయ కిందే నిలబడతాయి. ప్లాను సంచిలోంచి తీయకుండానే బస్సెక్కాను. నాగరాజు దారంతా వద్దంటూనే ఉన్నాడు, దిగాక మాత్రం నాతోనే వచ్చాడు.

యలమందయ్య గారు ఇంటి వరండాలో పేపరు చదువుతున్నారు. నిలబడే అంతా చెప్పేశాను. ఏడుపొచ్చింది. ఆయన కళ్ళజోడు తీసి మడిచారు.

"ఏ పేజీయో నాకు తెలుసు. చెరిపినచోట కాగితం పల్చబడుతుంది, వెలుతురుకు పెడితే కనిపిస్తది" అన్నారు.

"మరి కార్డెందుకిచ్చారండి?"

"నేను పట్టుకుంటే దొరికిపోయావు, అంతే. నువ్వొచ్చి చెబితే అది వేరు. రేపు మధ్యాహ్నం దాకా చూద్దామనుకున్నా. రాకపోతే నేనే వెళ్ళి తవ్వకం ఆపించి, కార్డు వెనక్కి తీసుకునేవాణ్ణి."

తిట్టలేదు. పొద్దున్నే ఏడింటికి కల్లం దగ్గర ఉండమన్నారు.

మేం వెళ్ళేసరికి స్కూటరు మీద ఆయన వచ్చేసి ఉన్నారు. నాగరాజు స్టాఫ్ అందుకోబోతే వాడి చేతికి పుస్తకం ఇచ్చారు. "నువ్వు రాయి. అమ్మాయి చదువుద్ది. నేను పట్టుకుంటా." డెబ్భై దాటిన మనిషి, ఒకప్పుడు ఆ పని చేయడానికి కింద పదిమంది ఉన్న మనిషి, గట్టు మీద ఆ పొట్టి రాయిపై స్టాఫ్ నిలబెట్టి నిలబడ్డారు. నేను యంత్రం మార్చడం మొదలుపెట్టగానే కోటమ్మ గారు మజ్జిగ చెంబుతో వచ్చి, నీడకు రమ్మని పిలిచింది.

"కాలు కదపకూడదు తల్లీ. ఇక్కడికే తెచ్చియ్యి" అన్నారాయన.

ఆవిడ గట్టెక్కి ఇచ్చింది. ఒక చేత్తో స్టాఫ్ పట్టుకుని, రెండో చేత్తో చెంబెత్తి తాగారు. సగం చొక్కా మీద పడింది. యంత్రంలోంచి చూస్తే లోకం చాలా దగ్గరగా కనిపిస్తుంది. తడిసిన ఆ చొక్కా, కదలని ఆ చెయ్యి చూస్తుంటే నాకు అంకె చదవడానికి చాలాసేపు పట్టింది. కళ్ళు తుడుచుకుని చదివాను.

ఈసారి తేడా మూడు మిల్లీమీటర్లు, నిజమైనవి. పడమటి వాగుకు సరిపడా వాలు లేదని తేలింది. తూర్పున రోడ్డు కింది తూముకు తిప్పితే నీళ్ళు పోతాయని ఆయనే దగ్గరుండి కొలిపించారు. కాలువ అటే తవ్వారు. ఆ చైత్రంలో కాలం గాని వాన పడినప్పుడు కోటమ్మ గారి కాయ తడవలేదని నాగరాజు స్వయంగా వెళ్ళి చూసొచ్చాడు.

ఆ సోమవారం పని అయ్యాక యలమందయ్య గారు స్కూటరు సీటు మీద నా పుస్తకం పెట్టి, నేను వేసిన దొంగ అంకెను ఒకే గీతతో కొట్టించి, పక్కన అసలు అంకె రాయించి, పొడి సంతకం పెట్టించారు. తర్వాత కార్డు అడిగారు. తీసేసుకుంటారనుకుని ఇచ్చాను. ఆదివారం తేదీ మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన ఆ రోజు తేదీ వేసి, పొడి సంతకం పెట్టారు.

"నిన్న చేరింది ఎవరో నాకు తెలీదు. నువ్వు ఇవాళ చేరావు" అని కార్డు తిరిగిచ్చారు.

ఇప్పుడాయన లేరు. నాకు ఉద్యోగానికి ఆయన ఎవరితోనూ ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయన ఇచ్చినదానికి బదులు ఏమివ్వాలో ఇప్పటికీ నాకు తెలియదు. ఏటా విద్యార్థులు చేరే సభలో ఆయన కుర్చీ పక్కన నిలబడి, రెండు రాళ్ళ కథ నేను చెబుతాను. కొందరు పిల్లలు వింటారు, కొందరికి కార్డు ఎప్పుడిస్తారా అనే ఉంటుంది. వాళ్ళనేమీ అనను.

సంఘంవాళ్ళు ఇప్పుడు అందరికీ ప్లాస్టిక్ కార్డులిస్తున్నారు. నాది పాడైపోయిందని, తప్పుల్లేకుండా కొత్తది చేసిస్తామని రెండుసార్లు అడిగారు. వద్దన్నాను. ఏ ప్లాను మీదైనా సంతకం పెట్టేముందు పర్సులోంచి పాతది తీసి చూసుకుంటాను. అంచులు నలిగాయి, నా ఫొటో వెలిసిపోయింది. కొట్టేసిన తేదీ మాత్రం ఇంకా చదవడానికి వీలుగానే ఉంది.