మా ఆయన ఉపవాసం, డాక్టరుగారి సెలీనియం

ఆ ఆదివారం ఆరాధనలో మా ఆయన పాట మధ్యలో ఆపేసి కూలబడ్డారు. దాచేపల్లి దగ్గర సున్నపురాయి క్వారీలో పని ఆయనది. అంతకు ముందు వారం రాయి పడి పాదం చీరుకుపోతే పసుపు అద్ది గుడ్డ కట్టుకున్నారు. బయట ఎండ మండిపోతోంది, ఆయనకేమో పళ్ళు కొట్టుకునేంత చలి. "ఏందయ్యా, ఏమైంది?" అంటే నువ్వెవరన్నట్టు చూశారు. ఆ చూపుకే నా ప్రాణం పోయినట్టయింది.

సంఘపెద్ద దేవదానం బాబాయి సిమెంటు లారీ ఒకటి ఆపి మమ్మల్ని నరసరావుపేట చేర్చాడు. అక్కడి డాక్టరు బీపీ బాగా పడిపోయిందని చూసి, "యూరిన్ ఎప్పుడు పోశాడు?" అని అడిగాడు. పొద్దుటి నుంచి లేదన్నాను. "సెప్టిసీమియా. పుండులోని విషం రక్తంలోకి పాకింది. గుంటూరు తీసుకుపోండి, ఆగొద్దు."

గుంటూరు ఆసుపత్రిలో రక్తంలో ఏ క్రిమి ఉందో చూడ్డానికి బ్లడ్ కల్చర్‌కి పంపారు. పాదం కోసి చీము తీశారు. సెలైన్, యాంటీబయాటిక్ ఎక్కించారు. ముక్కులోంచి పొట్టలోకి ట్యూబ్ వేసి పాలు, గంజి పోశారు. పెద్ద డాక్టరుగారు విదేశాల నుంచి తెప్పించిన సెలీనియం కూడా అందులోనే ఇస్తామన్నారు.

"అదిస్తే బతుకుతారాండీ?"

"అట్లా చెప్పలేనమ్మా. ఒంట్లో కొంచెమే ఉండే ఖనిజం అది. ఇంత జబ్బులో రక్తంలో తగ్గిపోతుందంటున్నారు. ఇస్తే మేలేమోనని పరిశోధనలు చేసి చూస్తున్నారు. ఇంకా తేలలేదు."

"అయితే ఇంకాస్త ఎక్కువెయ్యండి సార్" అన్నాడు బాబాయి.

"ఎక్కువైతే అదే విషం పెద్దాయనా!"

కొన్నాళ్ళకు మా ఆయనకు తెలివొచ్చింది. నేను స్తోత్రం చెప్పేలోపే ఇంకో గండం. మా సంఘంలో ఎవరి కోసం ఉపవాస ప్రార్థన పెడతారో వాళ్ళూ పస్తుండాలి. ఊళ్ళో అంతా తన కోసం ఉపవాసమున్నారని తెలియగానే ఆయన ట్యూబ్ పీకేసుకున్నారు. గంజి నోటికి అందిస్తే పళ్ళు బిగించారు. "వాళ్ళు పస్తుంటే నేను తాగేదా?" నర్సమ్మ మళ్ళీ ట్యూబ్ వేయబోతే చెయ్యి అడ్డం పెట్టారు. సాయంత్రానికి బీపీ మళ్ళీ పడింది.

డాక్టరుగారు మండిపడ్డారు. "ఆహారం, సెలీనియం అన్నీ పోయేది ఆ దారినే. ఒట్టి సెలైన్‌తో కోలుకోడమ్మా. పట్టుదలతో చస్తాడు ఇతను!"

బాబాయి మంచం మీదికి వంగాడు. "ఒరేయ్ అల్లుడూ, చనిపోయిన పిల్లను లేపి ప్రభువు ఏం చెప్పాడురా? దానికి తినడానికేమన్నా పెట్టమన్నాడు. పస్తుంచమన్నాడా?"

ఆయన మొహం గోడవైపు తిప్పుకుంటే బాబాయి అటువైపుకొచ్చాడు.

"నీ వంతు ఉపవాసం నేనుంటా. కానీ నీ వంతు గంజి నేను తాగితే నీకు బలమొస్తదా, చెప్పు?"

మా ఆయన పెదవులు కదిలాయి. "నువ్వు ఒక్కపూట పస్తుండలేవుగా మామా" అంటూ అడ్డం పెట్టిన చెయ్యి తీసేశారు.

ఆ తర్వాత కూడా నెమ్మది లేదు. కాలి వేళ్ళు రెండు నల్లబడితే తీసేశారు. బీపీ నిలబడి, యూరిన్ సరిగా వచ్చేదాకా నేను మోకాళ్ళ మీదే ఉన్నాను. ఇంటికొచ్చే రోజు డాక్టరుగారిని అడిగాను, సెలీనియమే బతికించిందా అని. "చీము తీయడం, యాంటీబయాటిక్, అదీ అసలు పని. సెలీనియం సాయపడిందో లేదో ఒక్క మనిషిని చూసి చెప్పలేం" అన్నారు. తెలియనిది తెలియదన్న ఆ మాట నాకు నచ్చింది. బతికించింది దేవుడని నాకు తెలుసు. ఏ చేత్తో బతికించాడో దేవుడు చెప్పలేదు.

మా ఆయన ఇప్పుడు క్వారీలోకి దిగరు, లారీలు తూచే కాటా దగ్గర పని చేస్తున్నారు. కుంటుతూనే ఆరాధనకు అందరికంటే ముందు పోతారు. మీ ఇంట్లో ఎవరన్నా మంచాన పడితే ప్రార్థన మానొద్దు, ఉపవాసమూ మానొద్దు. అయితే ఆ ఉపవాసం మీరుండండి. రోగికి మాత్రం డాక్టరు చెప్పిన ఆహారం వేళకు పెట్టండి.