రమీజక్క అడిగిన ఐదు నిమిషాలు

దోహాలో, అల్ మన్సూరా పేటలో మా గది కింద దుకాణంవాళ్ళు సాయంత్రం అగరువత్తులు వెలిగిస్తారు. ఆ పొగ మెట్లెక్కి వచ్చిందంటే నాకు ఒళ్ళు మండుతుంది. వియత్నాంలో, హ్వే నగరంలోని పాత రాజుల కోటలో, మందిరాల ముందు ఇదే వాసన. రమీజక్కకు అన్యాయం మొదలైంది అక్కడే.

అక్కది కడప. దోహాకు కాస్త అవతల, ఉమ్ సలాల్‌లో ఒక పెద్ద విల్లాలో ఇద్దరం పనిచేసేవాళ్ళం. నేను పిల్లలను చూసుకునేదాన్ని, ఆమె మేడం అత్తగారిని. నేను చేరిన మొదటి వారం, అతిథులు తిని లేచేదాకా ఆకలితో నిలబడి ఉంటే నన్ను వంటగదిలోకి లాక్కెళ్ళి అన్నం పెట్టింది. "తినుమే. తిన్యావా అని అడిగేటోళ్ళు ఈడ ఎవురూ లేరు. మనల్ని మనమే అడగల్ల" అంది. అరబ్బీ మాటలు, మేడం తొడుక్కునే నల్ల అబాయాలు ఇస్త్రీ చేయడం, ఏడవకుండా ఇంటికి ఫోన్ చేయడం, అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఒక సెలవులకు ఆ కుటుంబం వియత్నాం వెళుతూ మమ్మల్నీ తీసుకెళ్ళింది. కోట ద్వారం దగ్గర గైడు అమ్మాయి, నడిమి వాకిలి ఒక్క రాజుకేనని, మిగతావాళ్ళకు పక్క వాకిళ్ళని చెప్పింది. "మన విల్లా మాదిర్నే ఉందే" అని అక్క నా చెవిలో నవ్వింది. తర్వాత రెండు గంటలు ఆ రాతి పలకల మీద, ఎండలో, ముసలామెను చక్రాల కుర్చీలో తోసింది. అక్క మోకాళ్ళ వాపు సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎర్ర స్తంభాల మందిరం ముందు కుర్చీని నీడలో ఆపి, బ్రేకు వేసి, మెట్టు మీద కూర్చుంది.

"యల్లా, రమీజా!" ఫొటోలు దిగుతున్న మేడం కదలమని అరిచింది.

"ఐదు నిమిషాలు మేడం. నీళ్ళు తాగి లేస్తాను" అంది అక్క అరబ్బీలో, గొంతు పెంచకుండా.

చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. మేడం ముఖం కందిపోయింది. గైడు అమ్మాయి తన నీళ్ళ సీసా తెచ్చి ఇస్తే అక్క నింపాదిగా తాగి, లేచి, మళ్ళీ కుర్చీ పట్టుకుంది. జరిగింది అంతే.

దోహా వచ్చిన మూడో రోజు నన్ను సార్ ముందు నిలబెట్టారు. "రమీజా ఎదురు తిరిగిందట. మా అమ్మను ఎండలో వదిలేసిందట. నువ్వు చూశావా?"

నీడలో ఆపింది. బ్రేకు వేసింది. నా కళ్ళతో చూశాను. నా ఇద్దరు కూతుళ్ళ చదువు గుర్తొచ్చి అవునన్నట్టు తల ఊపాను.

ఆ వారమే వీసా రద్దుచేసి అక్కను పంపేశారు. పదకొండేళ్ళు ఆమె చేత నీళ్ళు పోయించుకున్న ముసలామె "రమీజా ఏది?" అని రోజూ అడిగేది. నేను పిల్లలను తీసుకుని పక్కగదిలోకి వెళ్ళిపోయేదాన్ని.

కడపకు ఫోన్ చేసి ఏడిస్తే, "పిల్లలున్నదానివి, భయమైతాది. పోనీలేమే" అంది అక్క. తిట్టి ఉంటే బాగుండేది. అంత తేలిగ్గా ఎలా వదిలేసిందని ఆమె మీదా కోపమే నాకు.

ఇప్పుడు వేరే ఇంట్లో పని. మొన్న ఆ ఇంటి మేడం, వంటచేసే శ్రీలంక ఆమె తనకు ఎదురు మాట్లాడింది కదా అని నన్ను సాక్ష్యం అడిగింది. "లేదు మేడం. మీరే అరిచారు" అన్నాను. ఈ పని ఉంటుందో పోతుందో తెలియదు. బయటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడితే పట్టరాని కోపం వచ్చింది. ఇంత చిన్న మాట. ఆ రోజు నా నోటికి రాలేదు.