సముద్రం ఒడ్డున సంగటి గిన్నె

మదనపల్లె నుంచి బంధువులమంతా బస్సు మాట్లాడుకుని అరకు, విశాఖపట్నం చూడబోయాం. మగవాళ్లకు బయటి తిండి పడదట. అందుకని గ్యాస్ పొయ్యి, రాగిపిండి మూట, సంగటి కెలికే కట్టె కూడా బస్సెక్కాయి. అరకు అడవిలో వాళ్లు జలపాతానికి పోతే, ఆడవాళ్లం రోడ్డు పక్కన సంగటి కెలికాం. విశాఖ బీచ్‌లో నేను అడుగంటిన సత్తు గిన్నె తోముతుంటే, మా ఆయన సెల్ఫీ తీసుకున్నాడు.

ఇంటికి ఎవరొచ్చినా ఆ ఫోటో చూపిస్తాడు. "మా ఆమెకి సముద్రం సూపించుకోనొచ్చినా" అంటాడు. అందులో ఆయన మొహం, అలలు, మూలన వంగిన నా వీపు.

"ఎట్లుండాదమ్మా సముద్రం?" అని నన్నడుగుతారు.

"ఆడుండే ఇసక మంచిదమ్మా. గిన్నె భలే తెల్లబడింది" అంటాను.