పెద్ద డ్రమ్ము మోసిన ఏడాది

కరోనా రోజుల్లో చాలాకాలం నా బడి ఫోన్ తెరలోనే నడిచింది. కెమెరా ఆపేసి, పిలిస్తే తప్ప పలకకుండా మంచం మీద కూర్చోవడం అలవాటైపోయింది. తొమ్మిదో తరగతిలో బడి మళ్లీ పూర్తిగా తెరిచేసరికి నాకు మనుషులంటేనే భయం పట్టుకుంది. మాస్కు ఉండటం నయమనిపించేది. సగం మొహమైనా దాగేది.

మేముండేది గల్ఫ్‌లో, అబూధాబీకి దూరంగా ఎడారిలో ఉన్న రువైస్‌లో, కంపెనీ క్వార్టర్స్‌లో. నాన్న చమురు రిఫైనరీలో ఫిట్టర్. మాది జగిత్యాల వైపు పల్లె. అమ్మ నా చిన్నప్పుడే నన్నెత్తుకుని ఇక్కడికి వచ్చేసింది.

ఆ ఏడు బడిలో కవాతు బ్యాండ్ మళ్లీ మొదలుపెట్టారు. పాతవాళ్లలో కొందరు చదువు ముగించుకున్నారు, కొందరు కరోనాలో ఇండియాకు వెళ్లిపోయారు. బ్యాండ్ సార్ ఇండియాలో మిలిటరీలో పనిచేసి వచ్చిన మనిషి. అందరితోనూ హిందీలోనే మాట్లాడేవారు. మా తరగతికి వచ్చి, వెనక బెంచీలో నక్కి కూర్చున్న నన్ను లేచి నిలబడమన్నారు. నేను క్లాసులో అందరికంటే పొడుగు.

"బడా డ్రమ్ తుమ్ ఉఠాఓగీ," అన్నారు. పెద్ద డ్రమ్ము నాదట.

వద్దనాలనుకుంటూనే తలూపాను.

ఆ డ్రమ్మును పట్టీలతో భుజాలకు తగిలించుకుంటే గడ్డం దాకా వచ్చేది. ఎదురుగా మనుషుల తలలు తప్ప నేల కనిపించేది కాదు, నా కాళ్లు నాకే కనిపించేవి కావు. బరువు కంటే భయపెట్టింది వేరే సంగతి. బ్యాండ్ మొత్తం నా దెబ్బకే ఎడమకాలు వేస్తుంది. నేను తప్పితే అందరూ తప్పుతారు. ఆ మాట సార్ మొదటిరోజే చెప్పారు. ఆ తర్వాత నాకు అన్నం సయించలేదు.

ఒకరోజు సాధన చేస్తూ మైదానం అంచున గట్టు కనపడక తట్టుకుని, డ్రమ్ముతో సహా బోర్లా పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. ఎవరూ నవ్వలేదు, కానీ నా చెవుల్లో మాత్రం నవ్వులే వినిపించాయి. ఇంటికొచ్చి అమ్మ ఒళ్లో పడి ఏడ్చాను.

"నాతోని కాదమ్మా. నువ్వొచ్చి సార్‌కు చెప్పు."

"చెప్తగని ఏడ్వకు. ఆడపిల్లతోని గంత బరువు మోపిస్తరా? రేపే అడుగుత," అంది అమ్మ.

మర్నాడు నిజంగానే వచ్చింది. పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుంది. దారి పొడుగునా హిందీలో ఏమనాలో నన్నడిగి వల్లెవేసుకుంది. సార్ కుర్చీ చూపించి, అమ్మ నోరు తెరవకముందే మొదలుపెట్టారు. మీ అమ్మాయి దెబ్బ గట్టిగా పడుతుంది, ఈ పిల్ల లేకపోతే అబూధాబీ పోటీకి బ్యాండ్ వెళ్లలేదు అన్నారు. అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విన్నది. చివరికి "అచ్ఛా సార్, అచ్ఛా," అని లేచింది.

గేటు దాటాక నేను అడిగాను, "చెప్పలేదేందమ్మా?"

"నాకే భయమైంది బిడ్డా. నోట్లకెల్లి మాట రాలే," అంది. అని, నవ్వు ఆపుకోలేకపోయింది. నాకూ నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఇక తప్పించుకునే దారి లేదని అర్థమైంది.

పోటీ రోజు తెల్లారక ముందే బస్సు బయలుదేరింది. దారంతా ఇసుక, కరెంటు తీగలు. దారిలో రెండుసార్లు వాంతి చేసుకున్నాను. పక్కన కూర్చున్న మలయాళీ అమ్మాయి బ్యాండ్‌లో సైడ్ డ్రమ్ము అనే చిన్న డ్రమ్ము వాయించేది. నా వీపు రాస్తూనే ఉంది. తన చేతులూ చల్లగానే ఉన్నాయి.

రువైస్‌లో మా మైదానం చుట్టూ ఏమీ ఉండదు. కొట్టిన దెబ్బ ఎడారిలోకి వెళ్లిపోయేది. అబూధాబీలో పోటీ పెట్టిన చోట ఒకవైపు ఎత్తైన గ్యాలరీ ఉంది. దాని నిండా జనం. మొదట్లో బాగానే నడిచాం. గ్యాలరీ వైపు తిరిగేసరికి నా దెబ్బ అక్కడ తగిలి, ఒక క్షణం ఆలస్యంగా నా దగ్గరికే తిరిగొచ్చింది. ఏది నాదో, ఏది తిరిగొచ్చిందో తెలియలేదు. చేతులు బిగుసుకుపోయాయి. కొట్టడం ఆపేశాను.

ఆ నిశ్శబ్దం ఎంతసేపో చెప్పలేను. ముందు వరస అడుగులు చెదరడం వినిపించింది. డ్రమ్ము అక్కడే వదిలేసి బస్సు దాకా పరుగెత్తాలనిపించింది.

"లెఫ్ట్! లెఫ్ట్!" పక్కనుంచి సైడ్ డ్రమ్ము అమ్మాయి అరిచింది. కవాతులో నోరు తెరవకూడదు, మార్కులు పోతాయి. అయినా అరిచింది.

గ్యాలరీ వైపు చూడటం మానేసి, ముందు నడుస్తున్న అబ్బాయి తల మీద కళ్లు పెట్టాను. అది ఎడమవైపు ఒరిగినప్పుడల్లా కొట్టాను. చెవిలో ఏం పడినా పట్టించుకోలేదు. కన్నీళ్లు మాస్కులోకి కారుతుండగానే, చివరి వరకూ కొట్టాను.

మైదానం దాటి బయటికొచ్చాక పట్టీలు విప్పుకోవడానికి వేళ్లు వంగలేదు. సార్ వచ్చి విప్పారు. తిడతారేమోనని తల దించుకున్నాను. "పానీ పీఓ," అని మాత్రం అని, నీళ్ల సీసా అందించారు.

సాయంత్రం రువైస్ బడి గేటు దగ్గర నాన్న డ్యూటీ బట్టల్లోనే నిలబడి ఉన్నాడు.

"ఏమైంది బిడ్డా?"

"నాలుగో స్థానం వచ్చింది."

"ఎన్ని బడులొచ్చినయ్?"

"ఐదు."

నాన్న వేళ్లు మడిచి లెక్కేశాడు. "గట్లనా! అయితే ఒకల్లను ఓడగొట్టినవ్ కదా," అని నా సంచీ అందుకున్నాడు.

పన్నెండో తరగతి అయ్యేదాకా ఆ డ్రమ్ము నేనే మోశాను. ప్రతి పోటీకీ వాంతి చేసుకుంటూనే వెళ్లాను.