ఇల్దా వంట, ఒదేత్ వంట

సెరాఫీం పొట్ట కోసి క్లోమంలో సగం తీసేశారు. దాని పక్కనే ఉన్న ప్లీహమూ తీసేశారు. లోపలున్న గడ్డ చెడ్డది కాదని డాక్టరు చెప్పిన రోజున ఆయన భార్య ఇల్దా ప్రావిడెన్స్ ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. ఆ సంతోషం మర్నాటి దాకా కూడా నిలవలేదు, ఎందుకంటే మర్నాడు ఒదేత్ వచ్చింది.

ఒదేత్ రెండేళ్ళ కిందట ఇదే ఆపరేషన్ చేయించుకుంది. కొత్తవాళ్ళకి ధైర్యం చెప్పి రమ్మని ఆసుపత్రివాళ్ళే పంపారు. అమెరికాలో ఫాల్ రివర్ ఊళ్ళో ఆమెదీ ఇల్దావాళ్ళ వీధే, ఎదురింటి మూడో అంతస్తు. మొగుడు పోయాక కూడా పెదాల రంగు మానని మనిషి. వస్తూనే కుర్చీ మంచం దగ్గరికి లాక్కుంది.

"ఏం సెరాఫీంగారూ, గాలి పోయిందా?"

పేగులు మళ్ళీ కదిలాయనడానికి అదే గుర్తు మరి.

"పోయిందమ్మా! పొద్దున్నే, రెండుసార్లు!" అన్నాడు సెరాఫీం. కుట్లు లాగకుండా దిండు పొట్టకి అదుముకుని ఒకటే నవ్వు.

ఇల్దా నిలువునా కొయ్యబారిపోయింది. ఆ గాలి కోసమే ఆమె రెండు రోజులుగా జపమాల తిప్పుతోంది. తను అడిగితే మొహం గోడవైపు తిప్పుకున్న మనిషి, ఎవరో వచ్చి అడిగితే పండగ కబురులా చెప్పాడు.

ఇంటికొచ్చాక సంగతి ఇంకా ముదిరింది. కొంచెం కొంచెంగా తినాలి, రోజూ నడవాలి అన్నారు డాక్టర్లు. సెరాఫీం నడిచేవాడు. తిండే పడేది కాదు. ఇల్దా కోడి ఉడకేసి మెత్తటి అన్నం వండేది, సాసేజీ కొవ్వంతా గీకేసి కేల్ ఆకుల సూప్ కాచేది. నాలుగు చెంచాలు తిని కడుపు పట్టుకుని పాయిఖానాకి పరిగెత్తేవాడు. మనిషి ఎండిపోయి, ప్యాంటు నడుం మీద నిలవడం మానేసింది.

"నా చేతి వంట సరిపడటం లేదా నీకు?"

"అబ్బే, ఆకలి లేదంతే."

ఇలా ఉండగా కింది వాటా లూర్దెస్, బట్టలారేసే నెపంతో పైకొచ్చింది.

"చెప్పకూడదు గానీ వదినా, మీ ఆయన ఆ ఒదేత్ ఇంట్లో మలసాదలు తింటున్నాడే! నా కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది."

"నూనెలో వేయించినవా?"

"వేయించి, పంచదారలో దొర్లించినవి. మూడు తిన్నాడు. పరుగూ లేదు, ఏమీ లేదు. పిల్లిలా మూతి తుడుచుకున్నాడు."

ఇల్దా గుండెల్లో ఎవరో నిప్పులు పోసినట్టయింది. తను కొవ్వు తీసి వండింది వికటిస్తోంది, ఆ ఒదేత్ నూనె పిండి అరుగుతోంది! చర్చికి వేసుకునే కోటు తొడుక్కుంది. ఎన్నేళ్ళనాటిదో పెదాల రంగు వెతికి పూసుకుంది. అద్దంలో చూసుకుని చటుక్కున తుడిచేసింది. వీధి దాటి, ఆ మూడంతస్తులూ ఆగకుండా ఎక్కింది.

తలుపు ఓరగా తీసుంది. లోపల ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. ఇద్దరి పళ్ళేల పక్కనా చెరో గొట్టం మాత్ర.

"మొదటి ముద్దతోనే మింగాలి, కబుర్లు తర్వాత," అంటోంది ఒదేత్.

"ఏమిటది మా ఆయనకి మింగిస్తున్నావ్?" ఇల్దా గుమ్మంలోనే నిలబడింది.

సెరాఫీం చేతిలో మలసాద పళ్ళెంలో పడింది. ఒదేత్ మాత్రం బెదరలేదు.

"అరుగుదల మాత్ర వదినా. సగం క్లోమం పోయినవాళ్ళకి చాలామందికి ఇది లేనిదే తిన్నది ఒంటికి పట్టదు. ఆయనకి డాక్టరు రాసిచ్చిందే."

"రాసిస్తే మా ఇంట్లో ఉండాలి గదా! మందు సీసా ఇక్కడికెలా వచ్చింది?"

సెరాఫీం తల వంచుకునే గొణిగాడు. "ఆస్పత్రి నుంచి వచ్చిన మొదటి రోజు నీ ముందే తీశానే. 'నా వంట తినడానికి మందు కావాలా? విషం కలిపానా?' అని గిన్నె తీసుకెళ్ళి సింకులో పారబోశావ్. మళ్ళీ నీ ముందు తీయడానికి మనసొప్పక సీసా ఇక్కడ పెట్టుకున్నా."

అన్న మాట నిజమే. ఇల్దాకి చెవులు వేడెక్కాయి.

"అన్నానే అనుకో. జన్మలో నా మాట విన్నది ఆ ఒక్కసారేనా? కాఫీ తాగొద్దంటే వింటావా? గురక పెట్టొద్దంటే వింటావా? చచ్చేలా ఎండిపోవడానికి మాత్రం పెళ్ళాం మాట కావాల్సొచ్చిందా?"

ఒదేత్‌కి నవ్వాగలేదు. "కూర్చో వదినా, నువ్వూ ఒకటి తిను."

"నాకు క్లోమం మొత్తం ఉందిలే. నీ మలసాదలు అరుగుతాయి గానీ నీ మీద కోపమే అరగదు. సీసా ఇలా ఇవ్వు."

ఒదేత్ తెచ్చిచ్చింది. "తినకముందు కాదు, తిన్నాక కాదు. మొదటి ముద్దతో. ఎక్కువ తింటే ఎన్ని వేయాలో చీటీ మీద ఉంది."

"నాకు తెలుసు," అంది ఇల్దా, ఒక్కో మాటా మనసులో రాసుకుంటూ.

ఆ సాయంత్రం కేల్ సూప్‌లో సాసేజీ కొవ్వుతోనే వేసింది. మాత్ర తనే తీసి మొగుడి అరచేతిలో పెట్టి, మొదటి చెంచాతో అది గొంతు దిగే దాకా కళ్ళార్పకుండా చూసింది. సెరాఫీం గిన్నె ఖాళీ చేశాడు. కడుపు పట్టుకోలేదు. కాసేపు ఆగి, కొత్త పెళ్ళికొడుకులా మొహమాటపడుతూ గిన్నె ముందుకి తోశాడు. ఇల్దా గరిటె తీసుకుంటుండగా ఫోన్ మోగింది.

"వదినా, నేను, ఒదేత్‌ని. ఆయన ఎలా ఉన్నాడు? తిన్నాడా, ఇమిడిందా?"

సెరాఫీం ఫోన్ కోసం చెయ్యి చాచాడు. ఇల్దా ఆ చేతిలో రొట్టెముక్క పెట్టింది.

"నిద్రపోతున్నాడు," అని పెట్టేసింది.

"ఎవరే?"

"ఎవరో. నువ్వు తిను."