మా ఇంటి కంప్యూటర్‌కి ఆయన పెట్టిన పాస్‌వర్డ్

మా వీధిలో కరెంటు పోయి వచ్చిందంటే ఒక పెద్దమనిషికి కాఫీ పెట్టాల్సి వచ్చేది. నవ్వకండి, అప్పట్లో సత్యనారాయణపురంలో కంప్యూటర్ ఉన్న ఇళ్ళలో సగానికి ఇదే బాధ.

ఆ పెద్దమనిషి ఏలూరు రోడ్డులో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నాలాంటి లెక్చరర్ల ఇళ్ళన్నీ తిరిగి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాడు. "ఇది స్వేచ్ఛండీ, దీనికి ఎవడి దయా అక్కర్లేదు" అని ఉపన్యాసం కూడా దంచేవాడు. ఎక్కించేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ మాత్రం తనే కొట్టేవాడు. యంత్రం మొత్తానికి అసలు తాళంచెవి అదే. ఎవరికీ చెప్పేవాడు కాదు. గురువుగారిని అడగడం మర్యాద కాదని మేమూ అడిగేవాళ్ళం కాదు. కరెంటు హఠాత్తుగా పోయి వస్తే లినక్స్ డిస్కు తనిఖీ మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయి, ఆ పాస్‌వర్డ్ అడిగేది. బెజవాడ ఎండాకాలంలో కరెంటు సంగతి చెప్పాలా? వెంటనే ఫోను, స్కూటరు మీద ఆయన రాక, ఫ్యాను కింద కుర్చీ, కాఫీ, కుదిరితే పెసరట్టు. ఆయన టైపు చేస్తుంటే మేం బుద్ధిగా తల తిప్పుకుని క్యాలెండర్ చూసేవాళ్ళం.

నా ఎంఫిల్ వ్యాసం ఆ కంప్యూటర్లోనే ఉండేది. రేపు సమర్పించాలనగా మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. తెర మీద మామూలు ప్రశ్న. సెల్‌కి చేస్తే ఆయన చల్లపల్లిలో పెళ్ళిలో ఉన్నాడు.

"పాస్‌వర్డ్ చెప్పండి సార్, నేనే కొట్టుకుంటాను. రేపే ఆఖరు రోజండీ."

"అది ఫోన్లో చెప్పేది కాదమ్మా. ఆడవాళ్ళ చేతికిస్తే ఉన్నదంతా చెరిపేసుకుని మళ్ళీ నా దగ్గరికే వస్తారు. ఎల్లుండి వస్తాలే."

ఫోన్లో ఆయన పక్కన ఎవరో పకపకా నవ్వారు. గడువు దాటిపోయింది. మళ్ళీ ఆరు నెలలు ఆగాల్సి వచ్చింది. అన్న రోజుకి ఆయన వచ్చాడు, కాఫీ తాగాడు, నా ఫైళ్ళు ఫ్లాపీల్లోకి తీసిచ్చాడు. ఆయన గేటు దాటేలోపే నిర్ణయించుకున్నాను, ఈ మనిషికి ఈ ఊళ్ళో ఇక కాఫీ పుట్టకూడదని.

లినక్స్‌లోనే పాస్‌వర్డ్ మార్చుకునే దారి ఉందని తర్వాత తెలిసింది. తెలిసినా పట్టించుకోలేదు. ఆయన చెయ్యి పడినదేదీ నా బల్ల మీద ఉండకూడదు, అంతే. హైదరాబాదు వెళ్తున్న సహోద్యోగిని చేత ఫ్రీబీఎస్‌డీ సీడీలు తెప్పించుకున్నాను. అదీ లినక్స్ లాంటిదే, పాత యూనిక్స్ వంశానిది. దాన్ని ఎంచుకోవడానికి నాకున్న కారణం ఒక్కటే. ఈ ఊళ్ళో దానికి గురువు లేడు. ఉన్నదల్లా ఒక లావుపాటి మాన్యువల్. అందులో రాసింది రాసినట్టు చేస్తే పని అయ్యేది, కాఫీ అడిగేది కాదు. ఆ వేసవి సెలవులన్నీ దానికే పోశాను. తెర మీద బొమ్మ రాక, మౌస్ కదలక ఏడ్చిన రోజులున్నాయి. ఏడుపు ఆగగానే ఆ పెళ్ళిలో వినబడిన నవ్వు గుర్తొచ్చేది. మళ్ళీ కూర్చునేదాన్ని.

నాది కుదిరాక ఆదివారాలు ఇంటింటికీ బయల్దేరాను. ఆయన లినక్స్ పీకేసి నా యూనిక్స్ పెట్టడం, రూట్ పాస్‌వర్డ్ దగ్గరికి రాగానే కుర్చీలోంచి లేచి వాకిట్లోకి వెళ్ళి నిలబడటం. "మీరే కొట్టండి, నాకు చెప్పకండి" అనేదాన్ని. మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టుకునేదాన్ని కాదు. పటమటలో ఒక లెక్కల మాస్టారు "మీరే పెట్టేయండమ్మా, మేం మర్చిపోతాం" అంటే కసిరాను. ఎవరి యంత్రాన్ని వాళ్ళే లేపుకుంటున్నారని విన్నప్పుడల్లా నా కసి కొంచెం కొంచెంగా తీరుతుండేది. ఎంత హాయిగా ఉండేదో!

ఒకసారి బీసెంట్ రోడ్డులో ఆయన ఎదురుపడ్డాడు. "అందరికీ అదేదో ఎక్కిస్తున్నారటగా? చెడిపోతే చూసేవాడెవడున్నాడమ్మా ఈ ఊళ్ళో?"

"ఎవరూ లేరండీ. అందుకే."

ఆ తర్వాత కొన్నాళ్ళకి మా గుమ్మంలోకి ఆయన భార్య వచ్చింది. ఇంట్లో ట్యూషన్లు చెబుతుంది, పిల్లలకి ప్రశ్నపత్రాలు టైపు చేసుకుంటుంది.

"మా తమ్ముడు నాకని కొనిచ్చిన కంప్యూటరండీ అది. కరెంటు పోతే ఆయన వచ్చేదాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. పాస్‌వర్డ్ నాక్కూడా చెప్పరు."

"ఆయన ఒప్పుకున్నారా?"

"ఆయన సామాను ఏమీ లేదు దాంట్లో. అది నాదండీ."

ఇంత అదృష్టం నేను కలలో కూడా ఊహించలేదు. ఆ రోజే వెళ్ళాను. పాస్‌వర్డ్ దగ్గరికి రాగానే లేచి వాళ్ళ వాకిట్లో నిలబడ్డాను. లోపల ఆవిడ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టడం, యంత్రం రెండోసారి అడిగితే మళ్ళీ కొట్టడం వినబడింది.

మర్నాడు సాయంత్రం ఆయన మా గేటు ముందు స్కూటరు ఆపాడు.

"మా ఇంట్లో దానికి ఏం పాస్‌వర్డ్ పెట్టారు?"

"నాకు తెలీదు సార్. మీ ఆవిడగారు పెట్టుకున్నారు."

"అడిగాను. చెప్పనంటోంది."

ఆయన అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాకు జాలి వేయలేదు.

"మళ్ళీ అడగండి సార్. ఈసారి కాస్త మర్యాదగా అడగండి" అని చెప్పి తలుపు వేసుకున్నాను.