మా బావగారి ఏసీ, వెనక వరండా

మొన్న ఎండలు ముదిరాక మేడ్చల్‌లో మా అపార్టుమెంటు ఏసీ చల్లదనం మానేసి ఉత్త గాలి వదలడం మొదలుపెడితే, ఫోన్‌లో బుక్ చేసి ఒక మెకానిక్కును పిలిపించాం. ఆయన సంచీ కింద పెట్టకముందే, మిషన్ మూత తీయకముందే, గ్యాసు అయిపోయిందమ్మా అని తీర్పు చెప్పేశాడు. అయిపోవడానికి అదేమైనా వంటింటి సిలిండరా నాయనా, లీకు ఎక్కడుందో ముందు చూపించు, నింపడం సంగతి తర్వాత చూద్దాం అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, అయిష్టంగా పని మొదలుపెట్టాడు. చూడగా చూడగా లీకు లేదు, గ్యాసూ నిండుగానే ఉంది, పోయింది కెపాసిటర్ అనే గుప్పిట్లో పట్టే డబ్బా. గ్యాసు నింపడానికయ్యే దాంట్లో పదో వంతుకే పని తెమిలిపోయింది. పచ్చళ్లు పెట్టుకునే ముసలిదానికి ఈ తెలివి ఎక్కడిదని నా ఈడువాళ్లు అనుకోవచ్చు. శామీర్‌పేటలో మా అత్తవారింట్లో ఒక మనిషిని పోగొట్టుకుంటే వచ్చింది.

మా బావగారు, అంటే మా ఆయనకు అన్న, రోడ్డు పక్క పొలాన్ని ప్లాట్లు చేసి అమ్మి ఊళ్లో అందరికంటే ముందు ఏసీ పెట్టించిన ఘనుడు. అది ఇంట్లోవాళ్ల కోసం అనుకునేరు, కానే కాదు. ఈశాన్యం మూల గదిలో ప్లాట్లు కొనేవాళ్లూ, పార్టీవాళ్లూ కూర్చుంటారు గనుక వాళ్ల కోసం. ఆ పొలం అమ్మేటప్పుడు తోడబుట్టిన అక్క చేత ఒక పట్టుచీర పెట్టి సంతకం చేయించుకున్నారు. ఆడబిడ్డ సంతకానికి మా వైపు అప్పట్లో అదే రేటు, అంచు కాస్త వెడల్పుగా ఉంటే గౌరవం చేసినట్టు లెక్క. ఆ అక్క నాకు వదిన. పిల్లలు లేరు, భర్త పోయాక పుట్టింటికి చేరింది. ఆమెకు వెనక వరండాలో మంచం వేశారు.

ఏసీ బిగించే రోజున దాని రెండో సగం, అవుట్‌డోర్ అంటారే, లోపలి వేడినంతా బయటికి ఊదే ఆ పెట్టె, ఎక్కడ పెట్టాలన్నది పెద్ద చర్చ అయింది. ముందు గోడకు పెడితే ఇంటి ముఖం చెడుతుందన్నారు. డాబా మీద పెడదామంటే, ఈశాన్యంలో బరువు పెడితే యజమానికి చేటని వాస్తు సిద్ధాంతి చెప్పి ఉన్నాడు. చివరికి మూడు వైపులా గోడలూ, నాలుగో వైపు ఇనుప జాలీ ఉన్న వెనక వరండాలో, వదిన మంచానికి ఎదురుగా బిగించారు. ఈశాన్యపు బరువు తప్పింది, ఆమె నెత్తిన పడింది.

ముందు గదిలో పెద్దమనుషులు చల్లగా కాళ్లు చాపుకుంటే, వాళ్ల ఒంటి వేడంతా వచ్చి వదిన మొహాన కొట్టేది. మధ్యాహ్నం పూట ఆ వరండాలోకి బియ్యం చెరగడానికి వెళ్తే నిమిషంలో నా జాకెట్టు తడిసిపోయేది. ఆమె అక్కడే తినేది, అక్కడే పడుకునేది. ఓర్చుకున్నన్నాళ్లు ఓర్చుకుని, ఒక వేసవిలో తన పాత గొంగడిని నీళ్లలో ముంచి ఆ పెట్టె ముందు తాడుకు కట్టుకుంది. మేమెవరమూ అది తప్పు అనుకోలేదు. పెట్టెకు ఊపిరాడకపోతే లోపల మిషన్ కాలిపోతుందని మాకేం తెలుసు?

నిజానికి ఆ గొంగడి కట్టకముందు నుంచే ఏసీ ఏటేటా చెడిపోతూనే ఉంది, ఎందుకంటే గోడల మధ్య అది వదిలిన వేడిని మళ్లీ అదే పీల్చుకునేది. అల్వాల్ నుంచి స్కూటరు మీద మెకానిక్కు వచ్చేవాడు, గ్యాసు నింపేవాడు, పోయేవాడు. గ్యాసంటే దీపంలో చమురు లాంటిది కాదని, ఎక్కడో కారితే తప్ప తరగదని, కారే చోటు మూయకుండా నింపడం చిల్లు కుండలో నీళ్లు పోయడమేనని అతనికి తెలుసు, మాకు తెలియదు. ఎంతవుతుందో ముందే అడుగుదామని మా ఆయన ఒకసారి నోరు తెరిచినందుకు బావగారు ఆ మెకానిక్కు ముందే కసిరారు.

"అడుగుడేంది? మనం బేరమాడెటోళ్లమా? పని కానియ్."

కూరగాయల దగ్గర కొత్తిమీర కట్టకు కొసరు అడిగే మనిషి ఆయన. కానీ ఏసీ రిపేరు దగ్గర ధర అడిగితే పటేలు పరువు పోతుందట. అంతకంటే మేలైన గిరాకీ ఆ మెకానిక్కుకు జన్మలో దొరికి ఉండడు. మీకు చెప్తున్నాను, పరువుకు పోయి నోరు మూసుకోకండి. విప్పకముందే ఎంతో చెప్పించుకోండి, మార్చిన పాత సామాను మీ చేతికిమ్మనండి, కంప్రెసర్ పోయిందంటే దానికి గ్యారంటీ ఇంకా ఉందేమో కాగితం తీసి చూడండి, కొత్త మిషన్ ధరలో సగం రిపేరుకే అడిగితే దండం పెట్టి పంపేయండి. ఈ మాటలు ఆ రోజుల్లో మా ఇంట్లో చెప్పేవాళ్లే లేరు.

గొంగడి కట్టిన ఆ వేసవిలోనే కంప్రెసర్ కాలింది. బిల్లు విన్నాక బావగారి పరువు కాస్త పక్కకు జరిగింది, ఇన్నేళ్లు ఏం చేశావురా అని మెకానిక్కు మీద లేచారు. వాడు భయపడి చుట్టూ చూసి, తన మీది నింద తోసేయడానికి గొంగడిని మించింది లేదని కనిపెట్టాడు.

"గాలి ఆడకుంట గీ గొంగడి అడ్డం గట్టిండ్రు పటేలా. ఇగ కాలక ఏమైతది?"

బావగారు ఆ గొంగడిని తాడుతో సహా పీకి ఆమె కాళ్ల దగ్గర పారేశారు. అందరం అక్కడే ఉన్నాం.

"గిది ఎవలు గట్టమన్నరు నిన్ను? కూసోని తినుడు సాలదా?"

"మొకం మీదికి వేడి కొడ్తాంది తమ్మీ. నిద్ర వడ్తలేదు," అంది వదిన, తప్పు చేసిన పిల్లలా గొంగడి మడత పెడుతూ.

నేను ఉండబట్టలేక ఆ పెట్టెను అక్కడి నుంచి తీసి ఇంకోచోట పెడితే ఎంతవుతుందని మెకానిక్కును అడిగాను. ఇంకాస్త రాగి పైపు, ఇనుప స్టాండు, కూలి, అంతా కలిపినా కంప్రెసర్ ఖర్చులో పావు వంతు కాదన్నాడు. ఆ మాట బావగారూ విన్నారు. విని, మళ్లీ ఈశాన్యం, మళ్లీ ఇంటి ముఖం. మా ఆయన పేపరు ముందుకు లాక్కుని అందులో తల దాచుకున్నాడు, అది ముందురోజు పేపరని నేను తర్వాత చూశాను. చివరికి బావగారు, మిషన్‌కు గాలి ఆడాలంటే అడ్డం తీయాల్సిందే అన్నారు. అడ్డం అంటే వదిన మంచం. పాలేరును పిలిచి దాన్ని గేటు పక్కన బోరు మోటారు ఉండే రేకుల గదిలో వేయించారు.

ఆ రేకుల కింద మే నెల ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. అన్నం తీసుకెళ్లినప్పుడల్లా ఇక్కడ ఎలా ఉంటున్నావని అడిగేదాన్ని. ఆమె నవ్వేది.

"మోటరు సప్పుడు నయమే పిల్లా. తిట్టదు."

కొత్త కంప్రెసర్‌తో ఏసీ భేషుగ్గా పనిచేసింది. వదిన ఆ నెల దాటలేదు. ఒక మధ్యాహ్నం మంచం మీదే ఒళ్లు కాలిపోతూ, మాట రాకుండా కనిపించింది. డాక్టరు వచ్చి వడదెబ్బ అన్నాడు, అప్పటికే చేయి దాటిపోయింది. చెమట పట్టని చోట కూర్చున్నవాళ్లంతా పెద్ద వయసు గదా అన్నారు. నాకు ఆ మాట విన్నప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

అంత్యక్రియలు వెంటనే చేయలేదు. పార్టీలో ఒక పెద్ద నాయకుడు సాయంత్రం పరామర్శకు వస్తానని కబురు పంపాడు, ఆయన వచ్చేదాకా ఆపాలన్నారు బావగారు. ఎండకు శవం ఆగదని ఎవరో అంటే, వదినను ఈశాన్యం గదిలోకి మోయించి, తలుపులు మూసి, ఏసీ పూర్తిగా తిప్పించారు. సంతకానికి పెట్టిన ఆ పట్టుచీరే కప్పారు. నాయకుడు వచ్చాడు, దండ వేశాడు, కుర్చీలో కూర్చుని కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"మస్తు సల్లగున్నది పటేలా. ఏసీ కొత్తదా?"

"పాతదే అన్నా. కంప్రెసర్ కొత్తది," అన్నారు బావగారు, అక్క పక్కన నిలబడి.

ఇప్పుడు రోజులు మారాయి. ఈ అపార్టుమెంట్లలో అవుట్‌డోర్ పెట్టెకు కట్టేటప్పుడే గోడ బయట అరుగు వదులుతున్నారు, రిపేరు రేట్లు ఫోన్లోనే చూపిస్తున్నారు, ఈశాన్యం భయం ఉన్నవాడు కూడా ఎక్కడో ఒకచోట సర్దుకుంటున్నాడు. చావు ఇంటికి గంటలో ఫ్రీజర్ పెట్టె తెచ్చి కరెంటు తగిలించి పోతున్నారు, ఎవరి గదీ ఖాళీ చేయాల్సిన పని లేదు. మా కాలంలో ఆ సౌకర్యం ఇంకా రాలేదు. రాకపోబట్టే మా వదిన, తను సంతకం పెట్టిన పొలం డబ్బుతో కొన్న ఏసీ కింద, ఒక్క పూటైనా పడుకోగలిగింది.